కింది గడి మొదలు

ఆ రోజు వీరయ్యకు ఉన్న పనులు రెండే. కూతురిని పదకొండు గంటల హైదరాబాద్ బస్సు ఎక్కించడం, ఏడవకుండా ఇంటికి తిరిగి రావడం. మొదటిది తేలికే. రెండోదాని కోసం నాలుగు రోజులుగా సాధన చేస్తున్నాడు. సాధన అంటే మరేం లేదు, ఎవరితోనూ మాట్లాడకుండా మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ పోవడం.

కూతురు దేవిక బొమ్మల నవల ఒకటి గీస్తోంది. ఒక్క అక్షరం ఉండదు, కథంతా గడుల్లో బొమ్మలే. ఆ కథ జరిగేది పట్నంలోని ఒక కళా మ్యూజియంలో. ఆ మ్యూజియం వాళ్లే ఆర్నెల్లు తమ దగ్గర ఉండి పుస్తకం పూర్తి చేసుకొమ్మని పిలిచారు. సిద్దిపేటలో ఈ సంగతి వీరయ్య చెప్పని మనిషి లేడు.

పొద్దున ఎనిమిదింటికి దేవిక బారెడు పొడవున్న కాగితం తెచ్చి గోడకు వేలాడదీసింది. అందులో ఒకదాని కింద ఒకటి తొమ్మిది గడులున్నాయి.

"బాపు, పుస్తకం కథంత గిదే. నా మనసుల మాట గూడ గిండ్లనే ఉన్నది. నిమ్మలంగ చూడు, నేను బజార్ల ఫోటోలు తీస్కొనొస్త," అని చెప్పి వెళ్లింది.

వీరయ్య యాభై ఏళ్లుగా చీరల మీద గొల్లభామను నేస్తున్న మనిషి. మగ్గం మీద గొల్లభామకు ముందు పాదాలు పడతాయి, తర్వాత పావడా, ఆఖరున నెత్తి మీద చల్లకుండ. అందుకే గడుల కాగితం కనబడితే ఆయన చూపు తిన్నగా అడుక్కు పోతుంది. ఇప్పుడూ అక్కడికే పోయింది.

అడుగు గడిలో మగ్గం దగ్గర ఒక ముసలాయన, ఆయనకు చల్ల పోస్తున్న గొల్లభామ. ముసలాయనకు అచ్చం తన మీసమే. వీరయ్య మురిసిపోయాడు. పై గడిలో గొల్లభామ వాకిట్లో నిలబడింది. ఆ పైన బస్సులో కూర్చుంది. ఇంకా పైన పట్నం రోడ్లు, పెద్ద పెద్ద స్తంభాల మ్యూజియం, నోరు తెరిచిన కాపలావాడు. అన్నిటికీ పైన అద్దాల పెట్టెలో ఒక చీర, ఆ చీరలో కదలకుండా అదే గొల్లభామ. ఆమె కంట్లో నీటిచుక్క.

వీరయ్యకు సంగతి అర్థమైపోయింది. పిల్లకు పోవడం ఇష్టం లేదు! తాను ఊరంతా చాటుకున్నాడు కనుక నోరు విడిచి చెప్పలేక బొమ్మ గీసింది. అడిగితే ఇంకా సిగ్గుపడుతుందని, అడగకుండానే మ్యూజియంలోని మైత్రి మేడమ్‌కు ఫోన్ చేశాడు.

"మేడమ్, మా బిడ్డ రాదు. ఏమనుకోకున్రి."

"అయ్యో, ఏమైందండీ?"

ఏమైందో చెప్పడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. అడుగు నుంచి ఒక్కో గడీ చెప్పుకుంటూ పోయి, అద్దాల పెట్టె దాకా వచ్చి ఫోన్ పెట్టేశాడు.

సంగతి విన్న భార్య బాలలక్ష్మి ముక్కు చీదుకుంటూ కూతురి సూట్‌కేసు విప్పేసింది. బట్టలు దండెం మీదికి పోయాయి, దారికని చేసిన మురుకులు వాడలోని పిల్లలకు పోయాయి. పక్కింటి శైలజ తొంగిచూసింది.

"అక్కా, సూట్‌కేసు ఖాళీనేనా? కోహెడల మా ఆడిబిడ్డోళ్లింట్ల పెండ్లున్నది."

అడిగిందే తడవు బాలలక్ష్మి ఇచ్చేసింది. ఇంతలో దేవిక కోసం చెప్పి ఉంచిన సారయ్య ఆటో వచ్చింది. ఖాళీగా పంపడమెందుకని అందులో శైలజను బస్టాండుకు సాగనంపారు.

పదిన్నరకు దేవిక వచ్చింది.

"అవ్వా, నా సూట్‌కేసేది?"

"కోహెడ పోయింది."

"మురుకులు?"

"పంచిన."

దేవిక తండ్రి వైపు చూసింది. ఆయన తలెత్తకుండా తెగని దారాన్ని ముడేస్తున్నాడు.

"నాల్గు దినాలసంది నువ్వు మాట్లాడకపోతే అనుకున్న బాపు," అంది మెల్లగా. "నేను పోవుడు నీకు ఇష్టం లేదు. సరే, పోను."

"నాకెందుకు ఇష్టం లేదు? నీకే లేదాయె! అందుకే రాదని ఫోన్ చేసిన."

"నాకిష్టం లేదని ఎవరు చెప్పిన్రు?"

"నువ్వే చెప్పినవ్. గా బొమ్మల." వీరయ్య లేచి అడుగు గడి మీద వేలు పెట్టి, పైదాకా తీసుకుపోయాడు. "గీడ ఇంట్ల ఉన్నది. గాడ పెట్టెల పడ్డది."

దేవికకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"బాపూ! పెట్టెల ఉండుడు మొదలు. ఆమె చీరల నుంచి దిగి, బస్సెక్కి, ఇంటికొస్తది. పట్నం పోయినా మల్ల నీ దగ్గరికే వస్తనని గీసిన. కథ పైనుంచి గద చూసేది!"

"పైనుంచెట్ల? కాళ్లు లేంది మనిషెట్ల నిలవడ్తది?" అన్నాడు వీరయ్య. అని, తాను చేసిందేమిటో అప్పుడు తెలిసి కూలబడ్డాడు. బిడ్డ మూడేళ్ల కష్టాన్ని పది నిమిషాల ఫోనులో పాడుచేశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు తన పనితనం మీద కోపం వచ్చింది.

దేవిక మైత్రికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

"నీ చోటు ఎక్కడికీ పోలేదు దేవికా, సాయంత్రానికి వచ్చేయ్," అంది మైత్రి. "కానీ ఒక్క మాట. మీ నాన్నగారు చెప్పిన కథ విన్నాక నాకింకో పని మీద మనసు నిలవలేదు. గొల్లభామ పైనుంచి చదివితే ఇల్లు చేరాలి, కిందినుంచి చదివితే మ్యూజియం చేరాలి. పుస్తకమంతా అలా గీయగలవా? ఎలాగో ఆయన్నే అడుగు."

దేవిక బట్టలు గొల్లభామ దుప్పట్లో మూటయ్యాయి. రెండు గంటల బస్సుకు బయలుదేరే ముందు ఆమె తండ్రి వేలు పట్టుకుని పై గడి మీద పెట్టి, ఒక్కొక్కటే కిందికి దించుకుంటూ వచ్చింది. చల్ల పోస్తున్న గడి దగ్గర వీరయ్య వేలు ఆగిపోయింది.

"అయితే వస్తవన్నట్టు," అని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. దేవిక ఆయన భుజం మీద తల ఆనించి తానూ ఏడ్చింది.

బాలలక్ష్మి మూట బిగించి కట్టింది.

"కిందినుంచి చూసినా ఏడుస్తడు, పైనుంచి చూసినా ఏడుస్తడు. బిడ్డా, అడ్డంగ చూసేటిది మాత్రం గీయకు."