దవాఖాన గోడ మీద కత్తెర

ఎండ ముదరకముందే పది ఇళ్లు తిరిగి, కత్తెర గుర్తుకు ఓట్లడిగి, ఇంటికొచ్చి చాయ్ తాగాలన్నది ఆ పొద్దున భద్రు అనుకున్న పని. కొడకండ్ల దగ్గరి ఆ తండాలో సర్పంచ్ ఎన్నిక వారంలో ఉంది. ఇప్పటికే రెండుసార్లు ఓడాడు. ఈసారీ ఓడితే తలెత్తుకు తిరగలేడు. దారిలో దవాఖాన గోడ మీద ఇంకా ఆరని రంగుతో మంచం బొమ్మ కనిపించేసరికి కాళ్లు ఆగిపోయాయి. మంచం అతని పోటీదారు హరిలాల్ గుర్తు!

"నర్సమ్మా, హరిలాల్ నీకేమైతడు?"

బ్రష్షు పట్టుకున్న నర్సు కల్యాణి బిత్తరపోయింది. "ఏం గాడన్నా. సదువురానోళ్ల కోసం బొమ్మలేస్తున్న. నెత్తురు చుక్కంటే షుగర్ పరీక్ష, మంచమంటే కాన్పు."

"కాన్పు పేరు జెప్పి ప్రచారమా? నా కత్తెర గూడ ఎయ్యి."

"అది గీడ ఎయ్యొద్దన్నా, జర ఇను..."

వినేవాడైతే భద్రు ఎందుకవుతాడు? వద్దన్నదంటే హరిలాల్ మనిషేనని తేలిపోయింది. బ్రష్షు లాక్కొని, చివరి గడిలో మీసాల మగమనిషి బొమ్మ పక్కన ఖాళీ చూసి, మంచానికి రెండింతల కత్తెర గీసిపారేశాడు.

ఆ బొమ్మకు అర్థం తండాలో భద్రుకు తప్ప అందరికీ తెలిసింది. మధ్యాహ్నానికి అతన్ని చూసిన మగవాళ్లంతా లుంగీలు బిగించుకుని తలుపులు వేసుకున్నారు. ఇదీ హరిలాల్ కుట్రే అనుకుంటూ ఇల్లు చేరాడు.

"అది మగోళ్లు పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ చేయించుకునే గడి," అంది భార్య బుచ్చి. "నువ్వే గీసినవట గద!"

తుడిచేద్దామని పరుగెత్తితే గోడకు అడ్డంగా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. "తుడువకు బిడ్డా," అంది గోరీ అవ్వ. "ఎప్పుడు ఆడోళ్లే కోయించుకోవాల్నా? నువ్వు చేయించుకో, మా ఓట్లన్ని నీకే."

ఎవరైనా నవ్వుతున్నారేమోనని భద్రు ఒక్కొక్క ముఖమే అనుమానంగా చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. వెనకాలే వచ్చిన బుచ్చి కూడా వాళ్లలో కలిసింది. వచ్చే నెల పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు పేరు రాయించుకున్నది ఆమే. సూది చూస్తేనే వణికే మనిషి. భద్రుకు సిగ్గేసింది.

రెండు రోజులకే పెద్ద దవాఖానకు వెళ్లి, ఆ డాక్టరుగారి ఇంటిపేరు, సొంతూరు, హరిలాల్‌తో ఆయనకేమైనా చుట్టరికముందా అన్నీ తనే ఆరా తీశాక భద్రు ఆపరేషన్ బల్ల ఎక్కాడు.

ఎన్నికలో ముప్పై ఓట్ల తేడాతో గెలిచాడు. మర్నాడు హరిలాల్ దవాఖానకొచ్చి, గోడ మీది కత్తెరను చాలాసేపు చూసి, కల్యాణిని పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పు నర్సమ్మా, భద్రు నీకేమైతడు?"