గుర్తుంచుకుంటే ఐదో వంతు అదనం

ఈ దేశంలో చచ్చిపోవడానికి వ్యాట్ లేదు. శవపేటికకు లేదు. మోసుకెళ్ళేవాళ్ళకు లేదు. పాతిపెట్టినా లేదు, కాల్చినా లేదు. ఆ తర్వాత పోయిన మనిషి గుర్తుండాలని ఎవరైనా ఒక రాయి నిలబెడితే మాత్రం ధర మీద ఐదో వంతు అదనం. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. చావు అవసరం, జ్ఞాపకం విలాసం. అవసరాల మీద పన్ను వేయకపోవడం నాగరిక ప్రభుత్వాల లక్షణం.

ఆ ప్రభుత్వానికే చిన్న పనివాళ్ళంటే జాలి కూడా ఉంది. సొంతంగా పని చేసుకు బతికేవాడి ఏడాది రాబడి ఒక హద్దు లోపల ఉన్నంతకాలం వాడి జోలికి ఎవరూ రారు. హద్దు దాటాడా, వ్యాట్ కింద పేరు నమోదు చేసుకోవాలి, ప్రతి బిల్లు మీదా ఆ ఐదో వంతు కలిపి వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. (ఏడాదంటే జనవరి నుంచి డిసెంబరు దాకా అనుకునేవాళ్ళు అమాయకులు. ఏ నెలాఖరున నిలబడి వెనక్కి చూస్తే అక్కణ్ణుంచి పన్నెండు నెలలు. హద్దు మనిషి వెంటే నడుస్తుంది. మనిషి నిద్రపోయినా అది నిద్రపోదు.)

ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల్లో ఉన్న హాథర్‌స్కేల్ ఊరి పనివాళ్ళకు ఈ హద్దు, కీళ్ళనొప్పులవాళ్ళకు వానలా, ముందుగానే తెలిసిపోతుంది. రాబడి దగ్గరపడగానే గోడలకు పూత పూసేవాడికి నడుం పట్టేస్తుంది. పైకప్పులు వేసేవాడు ఎండ కోసం స్పెయిన్ పోతాడు. కుళాయిలు బాగుచేసేవాడికి ఉన్నట్టుండి తల్లి మీద బెంగ పుట్టి ఆమెను చూడటానికి వెళ్ళి నెలల తరబడి ఉండిపోతాడు. (ఆమె పక్కింట్లోనే ఉంటుంది.) ఆ రోజుల్లో ఊళ్ళో కారే కప్పు కారుతూనే ఉంటుంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు.

నెవిల్ సగ్డెన్‌కు ఆ అవస్థ ఎన్నడూ రాలేదు. అతను సమాధి రాళ్ళు చెక్కుతాడు. యంత్రం లేదు. ఉలి, సుత్తి, అక్షరానికింత అని ధర. కొనడానికి వచ్చినవాళ్ళతో మొదటి మాటగా, “మాటలు తగ్గించుకోండి. పోయినవాళ్ళు చదవరు. ఉన్నవాళ్ళు ఒక్కసారి చదువుతారు” అనేవాడు. ఏడుస్తూ నాలుగు పద్యాలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు పేరూ తేదీలూ మాత్రం రాయించుకుని వెళ్ళేవాళ్ళు. అతని నోటి దురుసే అతన్ని ఇన్నేళ్ళూ హద్దు లోపల కాపాడింది.

ఒక అక్టోబరులో అతని భార్య డోరీన్ పోయింది. నెవిల్ షెడ్డులో తలుపేసుకుని చలికాలమంతా ఆమె రాయి చెక్కాడు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. ‘నెవిల్ ప్రియమైన భార్య’ అన్నాడు. ‘అడగకపోయినా ఊరందరికీ సలహా చెప్పిన మనిషి’ అన్నాడు. ఆఖరున, ‘చూరు గొట్టం విషయంలో ఆమె చెప్పిందే నిజం’ అని చెక్కాడు. (చర్చి పాదిరి ఈ చివరి మాటను మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. చర్చి చూరు గొట్టం విషయంలోనూ ఆమె చెప్పిందే నిజమైంది.) దాని కింద సగం రాయి ఖాళీగా ఉంచాడు. మొగుడూ పెళ్ళాలకు ఒకే రాయి ఆ ఊరి అలవాటు. ముందు పోయినవాళ్ళు పైన, వెనకవాళ్ళు కింద.

చెక్కడం అయిపోయింది. నిలబెట్టడమే మిగిలింది. ఆ సమయంలో ‘హద్దు సమీపవర్తుల పర్యవేక్షణ విభాగం’ నుంచి ప్రశ్నల కాగితం వచ్చింది. ఆ చలికాలం ఊళ్ళో ముసలివాళ్ళ మీద పగబట్టినట్టు ఉండటంతో నెవిల్ రాబడి మొదటిసారి హద్దు అంచుకు చేరింది. చివరి ప్రశ్న ఇది: మీ వ్యాపార సరుకును మీ సొంతానికి వాడుకున్నారా, వాడుకోబోతున్నారా? వాడుకుంటే అదీ అమ్మకం కిందే లెక్క.

నెవిల్ అవునని రాశాడు. (వాళ్ళ భాషలో కాదని రాస్తే ఒక అక్షరం కలిసొచ్చేది. కాగితం మీద అతను దుబారా చేసిన మొదటి అక్షరం అదే.)

“కాదని రాస్తే నీ సొమ్మేం పోయింది బావా?” అంది మార్జరీ. ఆమె డోరీన్ చెల్లెలు. బడిలో పిల్లలకు అన్నాలు వడ్డించి రిటైరైంది. ఎదుటివాళ్ళు చాలన్నా ఆగే అలవాటు లేదు. “నీ రాయి, నీ పెళ్ళాం, నీ షెడ్డు. వాళ్ళకెందుకు?”

“అడిగారు. చెప్పాను.”

“మా అక్క నలభై ఏళ్ళు అడిగింది, చూరు గొట్టం మార్చమని. అప్పుడు ఇంత చక్కగా జవాబు చెప్పావా? అక్కడ సమాధి దగ్గర రాయికి బదులు పాతిన చెక్కముక్క మీద అంత్యక్రియల కంపెనీ నంబరుంది. ఎవరూ తీసుకెళ్ళని రైలు పార్శిల్‌లా పడి ఉంది మా అక్క.”

వారం తిరక్కుండా పర్యవేక్షణ విభాగం నుంచి కీత్ పాంఫ్రెట్ అనే అధికారి వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం, తడి బూట్లు, మర్యాద. షెడ్డులో రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి లెక్కపెట్టాడు. విరామ చిహ్నాల దగ్గర ఆగి, “వీటికి కూడా తీసుకుంటారా?” అని అడిగాడు.

“చుక్కకు సగం ధర.”

“మీ ధర ప్రకారం ఈ రాయి నిలబెట్టిన రోజున మీరు హద్దు దాటతారు సగ్డెన్ గారూ. ఎంతో కాదు. ఏడక్షరాలు.”

దాటితే ఏమవుతుందో నెవిల్‌కు తెలుసు. అతని దగ్గరకొచ్చేది పింఛను మీద బతికే వితంతువులు. బిల్లు మీద ఐదో వంతు పెరిగితే వాళ్ళు నేరుగా స్కెల్బీ పట్నం పోతారు. అక్కడ వంటగది గట్టులా మెరిసే నల్లరాయి మీద కంప్యూటరు ఒక పూటలో పేరు చెక్కి పెడుతుంది. ఫుట్‌బాల్ బొమ్మ ఉచితం. డోరీన్ రాయి నిలబెడితే షెడ్డు మూసుకోవాలి. షెడ్డు ఉండాలంటే డోరీన్ నెత్తిన చెక్కముక్క ఉండాలి.

“ప్రియమైన అనే మాట తీసేస్తే సరిపోతుంది” అన్నాడు పాంఫ్రెట్ సాయం చేస్తున్నట్టు. “సరిగ్గా ఏడక్షరాలు.” (వాళ్ళ భాషలో.)

“చెక్కేశాను.”

“మీరు మనిషి ఆకారంలో ఉండే అల్లం బిస్కెట్టు బొమ్మ చూశారా? చాక్లెట్‌తో దానికి రెండు కళ్ళు పెడితే పన్ను లేదు. చొక్కా గుండీలు కూడా పెడితే ఉంది. కళ్ళు అవసరం, గుండీలు అలంకారం. పేరూ తేదీలూ కళ్ళలాంటివి. ప్రియమైన అన్నది...”

“గుండీ” అంది మార్జరీ గుమ్మంలోంచి. “బాబూ, నీకు పెళ్ళయిందా?”

“అయిందండీ.”

“ఆ అమ్మాయికి తెలుసా, తను గుండీ అని?”

పాంఫ్రెట్ కాగితాలు తిరగేశాడు. తర్వాత ఇంకో మార్గం చెప్పాడు. పోయిన ఏడాది మే నెలలో నెవిల్ మిల్లు యజమాని కుటుంబానికి పెద్ద రాయి చెక్కాడు. జూన్ వచ్చేసరికి ఆ డబ్బు లెక్కలోంచి జారిపోతుంది, డోరీన్‌కు చోటు దొరుకుతుంది. ఈలోగా కొత్త పనేదీ రాకూడదు.

“అంటే ఊళ్ళో ఎవరూ చావకూడదు” అన్నాడు నెవిల్.

“అది మా పరిధిలోకి రాదండీ.”

అప్పుడు హాథర్‌స్కేల్ చరిత్రలో ఎవరూ చూడనిది జరిగింది. సమాధులు చెక్కేవాడు ముసలివాళ్ళ ఆరోగ్యం విచారించడం మొదలుపెట్టాడు. తెల్లవారేసరికి మంచు పట్టిన మెట్ల మీద ఉప్పు చల్లి వెళ్ళేవాడు. బఠాణీ సూపు కాచి గిన్నెలతో ఇంటింటికీ పంచేవాడు. (రుచి చూసినవాళ్ళలో ఇద్దరు, ఇది బతికించడానికా మరో దానికా అని అడిగారు.) నిచ్చెన ఎక్కిన పెన్షనర్లను కాలు పట్టి దించాడు. పబ్బులో పంది చర్మం వేపుడు తింటున్న హెర్బర్ట్ అనే ముసలాయన చేతిలోంచి పొట్లం లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

“నా గుండె, నా ఇష్టం” అన్నాడు హెర్బర్ట్.

“జూన్‌లో తిను. నేనే కొనిస్తాను.”

అందరికన్నా ఎక్కువ కాపలా తొంభై దాటిన ఎడిత్ క్లెగ్‌కు. ఆమెతోనే పెద్ద చిక్కు. తన రాయి మీద పదకొండు లైన్ల కీర్తన ఉండాలని చర్చిలో అందరి ముందూ నెవిల్ దగ్గర మాట తీసుకుంది. నెవిల్ రోజూ రెండుసార్లు వెళ్ళి ఆమె కిటికీలు మూసి, దుప్పటి కప్పి వచ్చేవాడు.

“ఏమిటోయ్ నెవిల్” అంది ఎడిత్. “ముప్పై ఏళ్ళు ఎదురింట్లో ఉండి ఒక్కసారి పలకరించలేదు. ఇప్పుడు నా మీద మనసు పడ్డావా?”

“మే నెల దాటేదాకా ఓపిక పట్టు పెద్దమ్మా. తర్వాత నీ ఇష్టం.”

“ఇలాంటి మాట నాకు ఏ మగాడూ చెప్పలేదు” అంది ఎడిత్, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ వసంతంలో ఊళ్ళో ఒక్క చావు లేదు. డాక్టరు అయోమయంలో పడ్డాడు. అంత్యక్రియల కంపెనీ ఒక కారు అమ్ముకుంది. కౌన్సిలు వాళ్ళు నెవిల్‌కు ప్రజాసేవ ప్రశంసాపత్రం ఇస్తామన్నారు. (దానికి చట్రం కట్టిస్తే ఖర్చు అతనిదే.) తీరా మే ఆఖరి వారంలో ఎడిత్ క్లెగ్ బింగో ఆటలో పెద్ద మొత్తం గెలిచి, కుర్చీలోంచి లేచి, చేతులు పైకెత్తి, ఆ ఆనందంలోనే పోయింది.

లీడ్స్‌లో ఉండే ఆమె కొడుకు తొందరపడే మనిషి. అంత్యక్రియలు కాకముందే పదకొండు లైన్లకూ డబ్బు లెక్కకట్టి నెవిల్ అడగకుండానే బ్యాంకులో వేసేశాడు. డబ్బు పడిన రోజే అమ్మకం జరిగినట్టు లెక్క. బాకీ కోసం ఊరి చుట్టూ తిరిగిన నెవిల్‌కు ముందే డబ్బిచ్చిన మనిషి తగలడం అదే మొదలు. హద్దుకు లోపల ఇప్పుడు గోరు పట్టేంత సందు కూడా లేదు. ఇంకో ఏడాది ఆగాలి.

ఆ రోజు మార్జరీ తిట్టలేదు. షెడ్డులోకి వచ్చి రాయి మీద దుమ్ము తన మెడలోని స్కార్ఫుతో తుడిచి, “మా అక్క ఇంకో చలికాలం ఓర్చుకోలేదు బావా” అని వెళ్ళిపోయింది.

నెవిల్ పాంఫ్రెట్‌కు ఫోన్ చేశాడు. “నమోదు చేసెయ్. నిలబెట్టేస్తాను.”

పాంఫ్రెట్ కాగితాలతో వచ్చాడు. సంతకం పెట్టించే ముందు నియమం ప్రకారం రాయిని మరోసారి పరిశీలించాడు. కింది సగం దగ్గర అతని వేలు ఆగింది.

“ఈ ఖాళీ ఏమిటండీ?”

“నాది.”

“అంటే ఇక్కడ కూడా అక్షరాలు వస్తాయా?”

“నేను పోయాక.”

పాంఫ్రెట్ ముఖంలో మొదటిసారి మనిషి లక్షణాలు కనిపించాయి. “అయితే ఈ పని పూర్తి కాలేదు సగ్డెన్ గారూ. పూర్తికాని పని అమ్మకం కాదు. అమ్మకం కానిది లెక్కలోకి రాదు. మీరు రేపే నిలబెట్టుకోవచ్చు. నమోదు అక్కర్లేదు.” సంచిలోంచి వేరే కాగితం తీశాడు. “‘అసంపూర్ణ నిర్మాణ ప్రకటన’ ఇస్తే చాలు. మిగతా పని ఎవరు చేస్తారు?”

“ఈ ఊళ్ళో చెక్కేది నేనొక్కణ్ణే.”

“మంచిది. కాంట్రాక్టరు లేడు.”

“నేను పోయాక నేనెలా చెక్కుతాను?”

“అది పని చేసే పద్ధతికి సంబంధించిన విషయం. అందులో మేం జోక్యం చేసుకోం. పూర్తయ్యే తేదీ చెప్పండి.”

“అదెవరికి తెలుసు?”

“సుమారుగా చెప్పండి. ఖాళీగా వదిలితే కంప్యూటరు తీసుకోదు. రెండేళ్ళకు మించి కూడా తీసుకోదు.”

నెవిల్ రెండేళ్ళలో ఆఖరి రోజు రాయించాడు. మర్నాడు మార్జరీ చేతి సాయంతో రాయి నిలబెట్టాడు. చెక్కముక్క పీకి ఆమె పొయ్యిలో పెట్టింది. ఇద్దరూ టీ తాగారు. ఆ తర్వాత మార్జరీ, “చూరు గొట్టం మాట అక్క చదివి ఉంటే ఊరంతా డప్పు కొట్టేది” అంది. నెవిల్ నవ్వాడు. అలవాటు లేని పని కావడంతో దగ్గు వచ్చింది.

రెండేళ్ళు గడిచాయి. ఆ ఆఖరి రోజూ గడిచింది. నెవిల్ ఆ రోజు మార్జరీ ఇంటి చూరు గొట్టం మారుస్తున్నాడు. పది రోజుల తర్వాత విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. మార్జరీ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది. ప్రకటించిన గడువులోగా పని పూర్తిచేయనందుకు జరిమానా. జాప్యానికి కారణం తెలుపుకునే అవకాశం.

నెవిల్ కారణం రాసి పంపాడు. క్లుప్తంగా, ‘బతికి ఉన్నాను’ అని.

జవాబు కూడా క్లుప్తంగానే వచ్చింది. బతికి ఉండటం సహేతుకమైన కారణాల జాబితాలో లేదు.

నెవిల్ స్కెల్బీలోని విభాగం ఆఫీసుకు వెళ్ళి జరిమానా కట్టాడు. కిటికీ వెనక పాంఫ్రెట్ ఉన్నాడు. కాస్త లావయ్యాడు. కొత్త ప్రకటన తీసి, మళ్ళీ రెండేళ్ళలో ఆఖరి రోజు రాసుకుని, కలం మూత పెట్టాడు.

“ఈసారైనా మాట మీద నిలబడతారా సగ్డెన్ గారూ?”

“ప్రయత్నిస్తాను బాబూ” అన్నాడు నెవిల్. “మధ్యలో రెండు చలికాలాలున్నాయి కదా.”