ఆగిన బస్సుల లెక్క

సోమవారం పొద్దున వసుంధర టీచరు ఆరుగురు తొమ్మిదో తరగతి పిల్లల్ని బడి గేటు బయట నిలబెట్టింది. జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే బస్సులు ఆ బడి దగ్గర ఆగవు. పిల్లలు కిలోమీటరున్నర ముందే దిగి నడిచో, ఆటోలోనో రావాలి. అందుకని బస్సు స్టాపు కావాలని అడుగుతామన్నారు.

"ఊరికే అడిగితే ఇయ్యరు. మూడు దినాలు ఎన్ని బస్సులు ఆగకుండా పోతాండాయో రాయండి. ఆ లెక్క డిపో మేనేజరుకిద్దాం" అంది టీచరు.

మొదటి బస్సు దాటిపోయి, నోటుపుస్తకాలు చూసి ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు.

"ఏంది పాపా, రాస్తాండారు?"

"బస్సు నంబరన్నా" అంది మెహరున్నీసా.

"ఎవురికి?"

"డిపో మేనేజరు సారుకు."

కండక్టరు ఫోను తీశాడు. అరగంటలో డ్రైవర్లందరికీ తెలిసింది, బడి దగ్గర చెకింగు జరుగుతోందని. రెండో బస్సు సరిగ్గా గేటు ముందు ఆగింది. మూడోది ఎక్కేవాళ్లు లేకపోయినా రెండు నిమిషాలు నిలబడింది. దాని వెనక వస్తున్న పెళ్లి బస్సు కూడా, ఎందుకైనా మంచిదని ఆగింది.

మూడు రోజుల్లో వచ్చినవి నలభై ఒకటి. ఆగనివి సున్నా.

"ఇప్పుడేం అడగాల టీచర్?" అంది మెహరున్నీసా.

టీచరు ఆ లెక్క ఇంకోసారి కూడి చూసింది.

గురువారం ఆటో దాసయ్య వచ్చాడు. ఆ కిలోమీటరున్నర ఆటోలో పిల్లల్ని తెచ్చేది అతనే. "టీచరమ్మా, స్టాపు పెట్టించి నా కడుపు కొడితిరే" అన్నాడు.

"స్టాపు యాడుంది దాసయ్యా? లేదనే మేం అడగాలనుకునింది."

"లేకుంటే బస్సులెందుకు ఆగుతాండాయి?"

అది తెలుసుకోవాలని టీచరుకూ ఉంది. దాసయ్య నేరుగా డిపోకు పోయి, స్టాపు రద్దు చేయాలని అర్జీ ఇచ్చాడు. మరునాడు మేనేజరే జీపులో బడి ముందు దిగి, స్టాపుల జాబితా రెండుసార్లు చూశాడు.

"ఈ స్టాపు మా దాంట్లో లేదే. లేనిదాన్ని ఎట్ల రద్దు చేసేది? ముందు పుస్తకంలోకి ఎక్కాల, అప్పుడు రద్దుకు రాయొచ్చు. ఈడ బస్సులు ఆగుతాండాయనేదానికి ఆధారమేమన్నా ఉందా?"

మెహరున్నీసా నోటుపుస్తకం అందించింది. మేనేజరు పేజీలు తిప్పి సంతోషించాడు. ఇంత శుభ్రమైన లెక్క డిపోలో కూడా లేదన్నాడు. జీపు బానెట్ మీద పెట్టి స్టాపు మంజూరు రాశాడు, కిందనే రద్దుకు సిఫార్సు రాశాడు. మంజూరు ఆ రోజే అమలైంది. రద్దయ్యేదాకా ఉందాంలే అని దాసయ్య ఆటోను ఆ స్టాపులోనే పెట్టుకొని, దిగినవాళ్లను చుట్టుపక్కల ఊళ్లకు తిప్పడం మొదలుపెట్టాడు.

ఆ పిల్లలు పది పాసై కాలేజీలో చేరారు. రద్దు ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది.