పెరటి పంచనామా

ఆ శనివారం పొద్దున చెన్నకేశవులు పెట్టుకున్న పని ఒక్కటే, ఆముదం రాసుకుని తలంటుకోవడం. బళ్లారి బజారులో బట్టల కొట్టు నడిపే మనిషి కాబట్టి ఏ పనికైనా ముందు లాభనష్టాలు చూసుకునేవాడు. మూడు నెలలుగా ఒంట్లో వేడి, కళ్లలో మంట. తలంటుకుంటే రెండూ తగ్గుతాయి. నష్టమేమీ కనిపించలేదు.

మూడు నెలల కిందట అతని భార్య పద్మావతమ్మ కప్పగల్లులోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఉగాదికి అతను ఆమెకు తెచ్చిన చీర కొట్లో రెండేళ్లు పడి ఉండి, మడతల దగ్గర రంగు వెలిసిన చీర. "ఎవరూ కొననిది ఏరి నాకు తెచ్చినారు" అని ఒక్క మాట అని ఆమె జట్కా ఎక్కింది. కప్పగల్లు ఎంతో దూరం లేదు, ఊరి అంచునే. ఒక పూట కొట్టు మూస్తే వెళ్లి తీసుకురావచ్చు. కానీ బేరంలో ముందు దిగినవాడే నష్టపోతాడని చెన్నకేశవులు నమ్మకం. ఆ నమ్మకాన్ని కాపాడుకుంటూ మూడు నెలలుగా మాడిన అన్నం తింటున్నాడు.

తలంటు రోజు కట్టుకోవడానికి ఒక పాత పంచె ఉండేది. అది ఎక్కడ ఉంటుందో పద్మావతమ్మకే తెలుసు. మూడు పెట్టెలు తెరిచినా దొరకలేదు. ఆముదం మరక పట్టిన గుడ్డ ఇక గుడ్డ కాదని బట్టల వ్యాపారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉన్న మంచి పంచెలు పాడు చేసుకోవడం ఎందుకు? ఇల్లు తనది, చుట్టూ ఎత్తు గోడ, వీధి తలుపుకు గడియ. పంచె విప్పి దండెం మీద వేసి, పెరట్లో ఎండకు నిలబడి తలకు, ఒంటికి నూనె పట్టించుకున్నాడు.

వీపు నడుమ తన చెయ్యి అందని చోటు ఒకటి ఉందని పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అతనికి ఎన్నడూ తెలియలేదు. ఆ పొద్దున తెలిసింది. రెండు చేతులతోనూ ప్రయత్నించి వదిలేశాడు. నూనె కారి కళ్లలో పడకుండా కళ్లు మూసుకుని, చేతులు రెండు పక్కలా వేలాడేసి, నూనె ఇంకేదాకా కదలకుండా నిలబడ్డాడు. అట్లా ఒంటరిగా ఉన్నప్పుడల్లా భార్యతో చెప్పాల్సిన మాటలు తనలో తానే చెప్పుకోవడం అతనికి అలవాటైంది. పెదవులు మాత్రమే కదులుతున్నాయి.

పక్కింటి నాగక్క తన మిద్దె మీద వడియాలు ఎండబెడుతోంది. ఎట్లా చూసిందో గానీ చూసింది, వెంటనే మొహం తిప్పుకుంది, దిగి వచ్చి ఎదురింటి హంపన్నకు చెప్పింది. ఒంటి మీద నూలుపోగు లేదట, చేతులు కిందికి వేలాడుతున్నాయట, కళ్లు మూసుకుని ఏదో జపిస్తున్నాడట. హంపన్న గిన్నెల వ్యాపారి, జైనుడు, భక్తిపరుడు. అన్నీ విడిచిపెట్టిన దిగంబర మునులే అట్లా నిలబడటం ఆయన చూశాడు. భార్య లేదు, పిల్లలు లేరు, ఈ మధ్య కొట్లో బేరం కూడా సరిగ్గా ఆడటం లేదు. వైరాగ్యమనడానికి ఇంకేం కావాలి? ఆయన ఇంటికి వెళ్లి స్నానం చేసి, మడిగుడ్డలు కట్టుకుని, కలశం మీద కొబ్బరికాయ పెట్టుకుని, ముని మొదటి భిక్ష తన ఇంట్లోనే కావాలని కుటుంబంతో సహా చెన్నకేశవులు గడప ముందు నిలబడ్డాడు.

బయటి సందడి విని చెన్నకేశవులు పెరట్లోనుంచే కేకేశాడు. "ఇప్పుడు రాలేనప్పా. ఒంటి మీద గుడ్డ లేదు. నాకెవరూ వద్దు, పోండి."

అనుమానం ఉన్నవాళ్లకు కూడా ఆ మాటతో తీరిపోయింది. దండాలు పెట్టేవాళ్లతో సందు నిండింది. పత్తి బండ్లు రెండువైపులా ఆగిపోయాయి. కప్పగల్లు నుంచి వచ్చిన పాలవాడు ఖాళీ బిందెలతో పాటు ఈ కబురు కూడా మోసుకుపోయాడు. బండ్లు ఎందుకు ఆగాయో చూడటానికి పోలీసు దఫేదారు భీమప్ప వచ్చాడు. బళ్లారి మైసూరులో కలిసి మూడేళ్లవుతున్నా అతని మాటలో సగం కన్నడం, సగం తెలుగే. లోపల మనిషి గుడ్డల్లేకుండా ఉన్నాడని, ఆడవాళ్లు చూశారని వినగానే కాగితం తీశాడు.

చెన్నకేశవులు గబగబా నీళ్లు పోసుకుని, సగం జిడ్డుతోనే పంచె చుట్టుకుని తలుపు తీశాడు. పంచె చూసి హంపన్న మొహం వాడిపోయింది.

"ఇల్లు నాది, గడియ నాది, ఒళ్లు నాది. ఇందులో సర్కారుకు పాలెంతప్పా?" అన్నాడు చెన్నకేశవులు, సంగతంతా విని.

"ఇల్లు నీదే స్వామీ. చూసిన కండ్లు బయటోళ్లవి. నలుగురికి కనపడేటట్టు బెత్తలె, గుడ్డల్లేకుండా నిలబడితే కేసయితాది" అన్నాడు భీమప్ప.

నలుగురికి కనపడుతుందో లేదో తేల్చడానికి భీమప్ప నాగక్క మిద్దె ఎక్కాడు. అక్కడినుంచి గోడ తప్ప ఏమీ కనపడలేదు. మరి నువ్వెట్లా చూశావని అడిగితే ఆమె, వడియాన్ని ఎత్తుకుపోయిన కాకిని తరమడానికి నీళ్లతొట్టి అంచు ఎక్కానంది. భీమప్ప బూట్లు విప్పి, తొట్టి అంచు ఎక్కి, మునివేళ్ల మీద నిలబడ్డాడు. పెరడు కనపడింది. దిగి వచ్చి, ఇట్లా ఎక్కి చూడాల్సి వస్తే చూసినవాళ్ల మీదే కేసు రాయాలన్నాడు. నాగక్క ఇంట్లోకి వెళ్లిపోయింది.

అంతలో జట్కా వచ్చి ఆగింది. పద్మావతమ్మ దిగింది. పాలవాడి కబురు విని, కట్టుకున్న చీరతోనే బయలుదేరిందని తెలుస్తూనే ఉంది. గుంపు దారి ఇచ్చింది.

"సన్యాసం తీసుకోవాలంటే పెండ్లాము ఒప్పుకోవాల. నన్నెవరడిగినారు?" అంది. గొంతు గట్టిగానే ఉంది, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "నేను ఒప్పుకోను. చెప్పండి, నిజమేనా?"

చెన్నకేశవులు ఆమెను చూశాడు. చిక్కిపోయింది. బేరం ఎటు లాభమో అతనికి క్షణంలో అర్థమైంది. అవునంటే ఆమె ఉండిపోతుంది, హంపన్న మళ్లీ దండం పెడతాడు. కాదంటే జట్కా ఇంకా వాకిట్లోనే ఉంది. జీవితంలో మొదటిసారి నష్టపు బేరానికి ఒప్పుకున్నాడు.

"సన్యాసం కాదు. నూనె పెట్టుకున్నా. పాత పంచె దొరకలే."

పద్మావతమ్మ జట్కా వైపు తిరిగింది.

"ఆగండమ్మా, కాగితం పూర్తి కాలేదు" అన్నాడు భీమప్ప. చెన్నకేశవులు వైపు తిరిగి, "కండ్లు మూసుకొని ఏమో చెప్తాంటివంటనే. ఏంది అది? రాసుకోవాల."

చెన్నకేశవులు గుంపును చూశాడు, హంపన్నను చూశాడు. జట్కా మెట్టు మీద ఆమె కాలు చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

"పద్మావతీ, తప్పు నాదే. ఇంట్లో ఏది యాడుండాదో నాకు తెలీదు. నేను యాడుండాలో గూడ తెలీకుండా ఉండాది. కప్పగల్లు దారి దినామూ చూస్తాండా. వచ్చేయి."

భీమప్ప మొదటి మాట దాకా రాసి పెన్సిలు ఆపేశాడు.

"దినామూ ఇదే చెప్పుకుంటాండినారా?" అంది పద్మావతమ్మ వెనక్కి తిరగకుండానే.

"దినామూ. గుడ్డల్లేకుండా చెప్పింది ఈ పొద్దే."

ఆమె మెట్టు మీద నుంచి కాలు తీసింది. జట్కావాణ్ణి పొమ్మంది. హంపన్న కలశం పట్టుకుని ఇంటికి పోయాడు. బండ్లు కదిలాయి. గడియ వేసుకుని మనిషి తన పెరట్లో ఎట్లా ఉన్నా నేరం కాదని భీమప్ప రాసి, సంతకం చేసి వెళ్లాడు.

సర్కారు ఇచ్చిన ఆ హక్కును పద్మావతమ్మ మరుసటి శనివారమే పాత పంచె చేతికిచ్చి రద్దు చేసింది.