హ్యాపీ అవర్‌లో నాలుగు కుర్చీలు

“సాయంత్రం నాలుగింటికి ఎవరైనా రాత్రి భోజనం చేస్తారా?” అని ఆమె మూడోసారి అడిగింది. మొదటిసారి స్టవ్ దగ్గర, రెండోసారి డబ్బాలు సర్దుతూ అడిగింది. మూడోసారికి ఆమె భర్త గడ్డం నిండా షేవింగ్ నురగతో ఇటు తిరిగాడు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు.

“నాలుగింటికని ఎందుకంటావు? నాలుగు నుంచి ఆరు దాకా. హ్యాపీ అవర్. అదే సూపు, అదే చేప, అదే వంటవాడు. సగం ధర. రెండు గంటలు ఆలస్యంగా తిన్నంత మాత్రాన చేపకి రుచి పెరుగుతుందా?”

“ఇవాళ నా పుట్టినరోజండీ.”

“అందుకేగా వెళ్తున్నాం.”

“ఎనిమిదింటికి తింటే నాకరగదమ్మాయ్,” అన్నారు అత్తగారు, ఎవరూ అడక్కపోయినా. కాలేజీకి బయల్దేరుతున్న కూతురు ఫోన్లోంచి తలెత్తకుండా, “నాకు నాలుగైనా ఓకే, ఎనిమిదైనా ఓకే,” అంది. ఆ ఇంట్లో ఆమెకి దొరికిన మద్దతు అంతవరకే.

నిజానికి వీధి మలుపులోని ఆ రెస్టారెంటంటే ఆమెకీ ఇష్టమే. పసుపు రంగు దీపాలు, కిటికీ పక్కన నలుగురు కూర్చునే బల్ల, గట్టిగా మాట్లాడని ముసలి వెయిటరు. చిక్కంతా అక్కడ తినే పద్ధతితోనే. వీళ్లు నలుగురూ రెండు సూపులు చెప్పి నాలుగు గిన్నెల్లో పోయించుకుంటారు. ఒకే చేప తెప్పిస్తే ఇన్‌స్పెక్టరుగారు వృత్తిధర్మం కొద్దీ దాన్ని నాలుగు సమభాగాలు చేస్తారు. అత్తగారి ముక్కలో ముళ్లు తీసిపెట్టి ఆమె తన పళ్లెం వైపు తిరిగేసరికి తోక భాగం చల్లారిపోయి ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తల నుంచి తోక దాకా ఒక మొత్తం చేపని వేడివేడిగా తనొక్కతే తినాలని ఆమె కోరిక. ఆ మాట పైకి చెప్పడం సిగ్గనిపించి ‘ఎనిమిదింటికి వెళ్దాం’ అంది. ఎనిమిదింటికైతే సగం ధర ఉండదు కనక జనం తక్కువ, తొందర తక్కువ, ఎవరి పళ్లెం వాళ్లది కావచ్చునని ఆశ.

“డాక్టరుగారినడిగి మూడున్నరకే బయటపడు,” అన్నాడు భర్త, నురగ కడుక్కుంటూ. “ముందెళ్లి బల్ల పట్టు. మేం నాలుగున్నరకల్లా వచ్చేస్తాం.”

చోటు పట్టడం ఎప్పుడూ ఆమె పనే. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేయడం దగ్గర్నుంచి సినిమా హాల్లో వరుస సీట్లకి కాపలా కాయడం దాకా, ఆ కుటుంబం ఎక్కడ కూర్చున్నా ముందుగా ఆమె నిలబడినందువల్లే కూర్చుంది. పైగా ఆమె ఉద్యోగమూ అలాంటిదే. ఆమె ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. “ఐదు నిమిషాలు కూర్చోండి” అని ఆమె మెత్తగా అంటే, జనం గంటసేపు కూర్చుని, వెళ్లేటప్పుడు థాంక్స్ కూడా చెప్పేవారు. పేషెంట్లు ఆమెని చాటుగా ఐదు నిమిషాలమ్మ అనేవారు.

నాలుగింటికి తలుపు తెరవగానే ఐదు నిమిషాలమ్మ కిటికీ పక్క బల్ల పట్టేసింది. ఒక కుర్చీలో హ్యాండ్‌బ్యాగు, ఇంకో కుర్చీలో గొడుగు, మూడోదాంట్లో టిఫిన్ డబ్బా పెట్టి, నాలుగోదాంట్లో తను కూర్చుంది. గోడమీద హ్యాపీ అవర్ బోర్డు కింద ఎర్ర అక్షరాలతో మరో వాక్యం ఉంది: ‘బల్ల నిండితేనే ఆర్డరు.’ పూర్వం ఒకాయన ఒక్క జ్యూసు తాగుతూ నాలుగు కుర్చీల బల్లని రెండు గంటలు ఏలాడట. ఆ తర్వాతే యజమాని ఈ చట్టం తెచ్చాడు.

పావుగంట గడిచాక ఆ యజమానే వచ్చి గొడుగు వైపు చూశాడు. “మేడమ్, వీరేం తీసుకుంటారు?”

“మావాళ్లు దారిలో ఉన్నారండీ. ఐదు నిమిషాలు.”

“బయట పదిహేనుమంది నిలబడ్డారు. ఒక్కరూ గొడుగు కాదు.”

ఆమె కూతురికి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి కట్టయింది. భర్తకి చేసింది. అదీ కట్టయింది. ఇక లాభం లేదనుకుని తలుపు వైపు చూస్తే, అక్కడ యూనిఫారంలో ఒక బస్సు కండక్టరమ్మ ఒంటరిగా నిలబడి ఉంది. ఐదు నిమిషాలమ్మ చెయ్యూపి పిలిచింది.

“ఇవాళ నా పుట్టినరోజు. మావాళ్లొచ్చేదాకా కూర్చుంటారా? ఐదు నిమిషాలే.”

కండక్టరమ్మ గొడుగు తీసి కింద పెట్టి కుర్చీలో కూలబడింది. “ఒక్కదానికి బల్ల ఇవ్వరట అక్కా. పొద్దుట్నుంచి ఊళ్లో అందరికీ సీట్లు చూపించాను, నాకు చూపించేవాళ్లు లేరు.”

తర్వాత భుజానికి సంచీ తగిలించుకున్న ఒక తాళాలు బాగుచేసే ఆయన దొరికాడు. ఆయన ముందే షరతు పెట్టాడు. “లేవమంటే లేస్తానమ్మా. సూపు సగంలో ఉంటే మాత్రం లేవను.”

ఇంకొక్క కుర్చీ. క్యూలో ఒక సన్నపాటి మనిషి మెనూ కార్డుని ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె దగ్గరికెళ్లి కార్డు కాస్త కిందికి దించి చూసింది.

“మీరు నాలుగున్నర కదూ?”

ఆయన కార్డు మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకోబోయాడు. క్లినిక్‌లో ఆ వేళకి పన్ను పీకించుకోవలసిన పేషెంటు ఆయనే. “డాక్టరుగారు పంపించారా మేడమ్? నేను పారిపోలేదు. అటే వస్తూ... పన్నుండగా ఒకసారి ఏదైనా నమిలి వద్దామని...”

ఇప్పుడామె చెయ్యవలసిన పని తెలుస్తూనే ఉంది. డాక్టరుగారికి ఫోన్ చేసి, మీ నాలుగున్నర పేషెంటు ఇక్కడున్నాడని చెప్పాలి. చెబితే ఈయన వెళ్లిపోతాడు, కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది. ఆమె ఫోన్ బ్యాగులో వేసేసింది. “ఐదు నిమిషాలు కూర్చోండి,” అంది. ఆయన అలవాటుకొద్దీ కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఆమె చేసిన మొదటి తప్పు అది. దాని ఫలితం కాసేపట్లో తన అత్తగారికి అందబోతోందని ఆమెకి తెలియదు.

బల్ల నిండిందని చూసి ముసలి వెయిటరు వచ్చాడు. “ఎప్పటిలాగే రెండు సూపులు, నాలుగు గిన్నెలు, ఒక చేప నాలుగు ముక్కలు కదమ్మా,” అంటూ తలెత్తి, తాళాలాయన వైపు ఒక క్షణం చూసి గొంతు తగ్గించాడు. “సారు మారినట్టున్నారు.”

“అయ్యో, వీళ్లు మా...” అనబోయి ఆమె ఆగింది. వెనక యజమాని నిలబడి ఉన్నాడు. “మా అన్నయ్యండీ. ఈవిడ మా చెల్లెలు. ఆయన మా మరిది.”

“అన్నయ్యా?” యజమాని కళ్లజోడు నుదుటిమీదికి తోశాడు. “నిన్నే కదండీ మా వంటింటి తాళం బాగుచేశారు? మీ చెల్లెలుగారు ఈ ఊళ్లోనే ఉన్నారని చెప్పలేదే.”

“తాళం తీసేటప్పుడు చుట్టాల ఊసెందుకొస్తుంది సార్,” అన్నాడు తాళాలాయన తొణక్కుండా.

చెల్లెలి హోదా వచ్చిన కండక్టరమ్మ ఇంకాస్త సాయం చేద్దామనుకుంది. “మా అక్క పుట్టినరోజండీ ఇవాళ. అందుకే పనులు మానుకుని వచ్చాం అందరం.”

ఆ మాటతో యజమాని ముఖం విచ్చుకుంది. ఆయన లోపలికెళ్లి, అప్పటికప్పుడు ఫొటో బయటికొచ్చే కెమెరా తెచ్చాడు. పుట్టినరోజుకి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ఫొటో తీసి గోడకి అంటించడం అక్కడ మరో చట్టం. “మరిదిగారూ, కొంచెం నవ్వాలి,” అన్నాడు. మరిదిగారు పళ్లు కనబడకుండా నవ్వాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. అబద్ధం ఫొటోగా మారి ‘పుట్టినరోజు కుటుంబం’ అన్న పేరుతో గోడకెక్కింది.

ముగ్గురూ సూపులు తెప్పించుకున్నారు, ఆమె మాత్రం తనవాళ్ల కోసం ఆగింది. ఐదుంబావుకి ఫోన్ మోగింది. కూతురు.

“అమ్మా, ఎక్కడున్నావ్?”

“రెస్టారెంట్‌లో. మీరెక్కడ?”

“నీ క్లినిక్‌లో. నిన్ను సర్‌ప్రైజ్ చేద్దామని నాలుగింటికే వచ్చి కూర్చున్నాం. నువ్వు లోపల పనిలో ఉన్నావనుకుని, సర్‌ప్రైజ్ పాడైపోతుందని నా ఫోనూ, నాన్న ఫోనూ కట్ చేశాను.”

“నన్ను ముందు పంపించిన సంగతి మీ నాన్న చెప్పలేదా?”

వెనకనుంచి ఇన్‌స్పెక్టరుగారి గొంతు వినబడింది. “సర్‌ప్రైజ్ అన్నావు కదా, అమ్మని వెళ్లొద్దని నువ్వే ఆపి ఉంటావనుకున్నా.”

“మంచిది. నానమ్మ ఏది?”

“లోపలుంది.”

“ఎక్కడ లోపల?”

“డాక్టరుగారి కుర్చీలో.” కూతురు కాస్త తటపటాయించింది. “నేనూ నాన్నా బెలూన్లు ఊదడానికి వరండాలోకి వెళ్లాం. ఈలోగా ఆయన బయటికొచ్చి, ‘నాలుగున్నర మీరేనా, రండి’ అన్నార్ట. నానమ్మకి ఏడాదిగా ఒక పన్ను ఊగుతోంది కదా, నువ్వే చెప్పి ఏర్పాటు చేశావనుకుని లేచి వెళ్లిపోయింది. పీకేశారు. ఇంకో అరగంట దూది కొరికిపట్టి కదలకుండా కూర్చోవాలట. నీ గురించి ఏదో అంటోందమ్మా. మాట తెలియట్లేదు, దీవెనే అనుకుంటున్నా.”

ఇటు బల్ల దగ్గర సన్నపాటాయన వాలిపోయాడు. “నా పన్నా మేడమ్?”

“ఆవిడ పన్నేనండీ. మీ టైములో.”

ఆయన నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మొత్తం తాగేశాడు.

వెయిటరు మళ్లీ వచ్చాడు. గడియారం ఐదున్నర చూపిస్తోంది. అరగంట తర్వాత బయల్దేరేవాళ్లు ఆరు లోపల ఎలాగూ రారు. “మరి మీకేం కావాలమ్మా?” అన్నాడాయన. ఆ ప్రశ్న ఆ రెస్టారెంట్‌లో ఆమెని ఎవరూ అడిగి ఎరగరు. అత్తగారికి మెత్తగా ఏముంది, పిల్లకి కారం తక్కువగా ఏముంది అన్నవాటికి ఆమె దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. ఇప్పుడు మెనూ కార్డు తిరగేసింది. కండక్టరమ్మ ఓపిగ్గా చూసింది. “దిగేచోటు చెప్పక్కా, టికెట్ కొట్టేస్తా.”

“ఒక చేప,” అంది ఆమె. “ముక్కలు చెయ్యొద్దు. నా ఒక్కదానికే.”

చేప వచ్చింది. పళ్లానికి ఈ చివర తల, ఆ చివర తోక, పైన నిమ్మచెక్క, ఇంకా చిటపటలాడుతున్న వెన్న. తాళాలాయన, ఎదురింటి తలుపుకి పొరపాటున తాళం తీసి అల్లుడిగా మర్యాదలు పొందిన కథ చెప్పాడు. కండక్టరమ్మ, బస్సులో నిద్రపోయే రకాల్ని అభినయించి చూపించింది. సన్నపాటాయన పన్ను మిగిలిన సంతోషంలో రెండుసార్లు వేపుడు బంగాళాదుంపలు తెప్పించుకుని కరకరా నమిలాడు. ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, మధ్యమధ్య ఒక్కో ముక్కా వేడి తగ్గకుండా నోట్లో పెట్టుకుంది.

ఆరుంబావుకి తలుపులో బెలూన్లు ఇరుక్కున్నాయి. వాటి వెనక కూతురూ, ఆ వెనక ఇన్‌స్పెక్టరుగారూ, ఆయన చెయ్యి పట్టుకుని ఒక బుగ్గ పొంగిన అత్తగారూ ఉన్నారు.

“సారీ సార్, బల్లలు లేవు,” అన్నాడు యజమాని.

“అదుగో, ఆ కిటికీ బల్ల మాదే. ఆవిడ మా ఆవిడ. మేం ఆవిడ కుటుంబం.”

యజమాని తొందరపడకుండా గోడ చూపించాడు. “కుటుంబం అదుగో సార్. నలుగురూ ఉన్నారు.”

ఇన్‌స్పెక్టరుగారు ఫొటోకి దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు. తన చోట ఎవరో సంచీ మనిషి ఉన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో భార్య అంత పెద్దగా నవ్వడం ఆయన చూసిన గుర్తు లేదు. కొలత తేడా ఉందని తెలుస్తోంది గాని ఎక్కడుందో పట్టుబడలేదు.

సన్నపాటాయన ఒక్క ఉదుటున లేచి తన కుర్చీ అత్తగారి ముందు పెట్టాడు. “కూర్చోండమ్మా. నాకు రావలసింది మీకొచ్చింది. ఈ మేలు మర్చిపోను.” అత్తగారు ఆయనెవరో తెలియకపోయినా, దూది మధ్యనుంచి ఏదో అని గంభీరంగా తలూపి కూర్చున్నారు.

బల్లమీద ఇంకా సగం చేప ఉంది. ఇన్‌స్పెక్టరుగారి చెయ్యి దానంతటదే చెంచా అందుకుంది. చెంచా గాల్లో ఉండగానే ఆమె పళ్లాన్ని తన వైపు రెండంగుళాలు జరుపుకుంది.

“దీన్ని కొలవక్కర్లేదండీ.”

ఆయన చెంచా కింద పెట్టాడు. కూతురు తల్లి ముఖం చూసి, తండ్రి ముఖం చూసి, బెలూన్ల వెనక దాక్కుంది.

“మీరు వేరేది తెప్పించుకోండి,” అంది ఆమె మామూలుగా. “ఎనిమిదింటికీ అదే వంటవాడు ఉంటాడట.”

ఆయన గోడమీద బోర్డు చూశాడు. గడియారం చూశాడు. ఆరు దాటాక ఆ చేప తినడమంటే, పొద్దున్న నురగలోంచి చెప్పినదంతా తన చేత్తో తనే తుడిచేసుకోవడం. “ఇంటికెళ్లి ఏదో చూద్దాంలే,” అన్నాడు. ఆమె తలూపి తోక దాకా నింపాదిగా తిన్నది. ఆఖరి ముక్క అయ్యేదాకా ఇన్‌స్పెక్టరుగారూ, కూతురూ కుర్చీల వెనక నిలబడే ఉన్నారు, సీటు ఖాళీ కోసం చూసేవాళ్లలాగా.

కండక్టరమ్మ, తాళాలాయన, సన్నపాటాయన గుమ్మం దగ్గర సెలవు తీసుకున్నారు. సన్నపాటాయనకి వచ్చేవారం అపాయింట్‌మెంటు రాసిపెడతానని ఆమె మాటిచ్చింది. ఆయన ఆ మాట తీసుకోలేదు. తర్వాత ఇంట్లోవాళ్లు నలుగురూ పేవ్‌మెంటు మీద ఇంటివైపు నడుస్తుంటే, ఆమె ఎవరి వైపూ తిరగకుండా, రేపు పాలు రెండు ప్యాకెట్లు కావాలన్నంత మామూలుగా చెప్పింది.

“వచ్చే బుధవారం నుంచి ప్రతి బుధవారం నాలుగింటికి నేనిక్కడుంటాను. కండక్టరు, తాళాలాయన కూడా వస్తామన్నారు. నాలుగో కుర్చీ వారానికొకరికి ఇస్తాను, మీలో ఎవరొస్తారో మీరే తేల్చుకోండి. ఆ పూట వంట మిగిలినవాళ్లది.”

కాదనడానికి అత్తగారికి మత్తు దిగలేదు, తక్కిన ఇద్దరికీ ఆకలి తీరలేదు.