అందరికీ గ్యాప్ ఇయర్

ఈ ఏడు మెడికల్ ఎంట్రన్స్ ఉండదని, విద్యార్థిలోకానికి ఏడాదిపాటు సంపూర్ణ మనశ్శాంతి ప్రసాదిస్తున్నామని మా మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. నేనూ కొట్టాను. ఆ ప్రకటన టైపు చేసింది నేనే మరి. ఆయన పేషీలో టైపిస్టుని.

ఇంత గొప్ప ఆలోచనకి కమిటీ అక్కర్లేకపోయింది. ముందురోజు కాఫీ తాగుతూ మంత్రిగారి అబ్బాయి, "డాడీ, నాకో గ్యాప్ ఇయర్ కావాలి" అన్నాడట. తీసుకోమన్నారు. "నేనొక్కణ్ణే తీసుకుంటే మా ఫ్రెండ్సంతా ముందుకెళ్లిపోరా?" అన్నాడట. మా మంత్రిగారు సమానత్వమంటే ప్రాణం పెట్టే మనిషి. అందరికీ ఇచ్చేశారు.

ఇంట్లో మా అమ్మాయి నిలదీసింది.

"అంతా చదివేశాను నాన్నా. ఈసారి రాయకపోతే ఇంకో ఏడాది కూర్చోబెట్టి చదివించగలవా?"

లేను. ఆ సంగతి దానికీ తెలుసు. ధైర్యం చేసి మంత్రిగారినే అడిగాను.

"సార్, మా అమ్మాయి ప్రిపేరై ఉంది."

"ఉండనీవయ్యా. చదువెక్కడికి పోతుంది?"

"మరిచిపోతుందేమో సార్."

"మరిచిపోనీ. విశ్రాంతంటే అదేగా!"

కొందరు దొంగచాటుగా చదువుతున్నారని తెలిసి ఆయన మనసు గాయపడింది. వెంటనే విశ్రాంతి తనిఖీ దళాలు బయల్దేరాయి. మా ఇంటికీ వచ్చాయి. వంటింట్లో కుక్కర్ పక్కన, గుండె బొమ్మ ముందేసుకుని మా అమ్మాయి దొరికిపోయింది. విశ్రాంతి సంవత్సరంలో చదివినందుకు ఇక పరీక్షకు అనర్హురాలన్న నోటీసు నేనే టైపు చేసి, తండ్రిగా నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. అయినా ఒక్క అక్షరం తప్పు పోనివ్వలేదు.

ఇంతలో అబ్బాయిగారికి గ్యాప్ బోరు కొట్టింది. యువత ఆకాంక్షలకు తలవంచి, వచ్చే నెలలోనే పరీక్ష పెడుతున్నామని మంత్రిగారు ప్రకటించారు. మళ్లీ చప్పట్లు. ఎందుకైనా మంచిదని పాత ప్రశ్నపత్రమొకటి తెప్పించి కొడుకు ముందు పెట్టారు. అతను మొదటి పేజీ చూసి, "ఇవన్నీ ఎవరికైనా వస్తాయా డాడీ?" అన్నాడు.

మంత్రిగారు నన్ను పిలిపించారు.

"మీ అమ్మాయి అంతా చదివేసిందన్నావు కదూ?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "అవును సార్! మొత్తం!"

"ఇంకేం, మావాడికి చెప్పమను. చదవడం తప్పుగానీ, చెప్పడం తప్పని రూల్లో ఎక్కడా లేదు."

ఆ ఆర్డరూ నేనే టైపు చేశాను. ఇంటికి తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టాను. రెండుసార్లు చదువుకుంది.

"ఎన్నింటికి రమ్మన్నారు నాన్నా?"

"అబ్బాయిగారు నిద్ర లేచాక."