బుచ్చయ్య హోటల్ల అభిప్రాయాల ఖాయిదా

మనిషికి తిండి, బట్ట, నీడ ఎంత అవసరమో అభిప్రాయం గూడ అంతే అవసరమని, మొదటి మూడు లేకున్నా నాలుగోదాని మీద ఒక జన్మ ఎళ్లదీయొచ్చని యావత్తు ప్రపంచంల మొట్టమొదట నిరూపించిన ఊరు గోపారం. చిట్యాల దాటి నల్లగొండ తొవ్వల తగిలే ఈ సంత ఊరికి 1962ల కరెంటు లేదు, దవాఖాన లేదు, ఎండకాలమొస్తే బాయిలల్ల నీళ్లు లేవు. అభిప్రాయాలకు మాత్రం ఏ ఏడు కరువు రాలేదు.

అవి పండే జాగా బుచ్చయ్య హోటల్. నాలుగు బల్లలు, ఒక పొయ్యి, పొగకు నల్లబడ్డ గోడ, గోడ మీద ఒక రేకు బోర్డు. "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు" అని దాని మీద రాయించింది బుచ్చయ్యనే. ఎలక్షన్ల ముందు ఒక చాయకు రెండు గ్లాసులు పగులుతున్నయని రాయించిండు. రాయించిన నాటి నుంచి గ్లాసులు పగులుడు బందైంది. గిరాకీ గూడ బందైంది. మాట లేని చాయ గోపారపోల్లకు గొంతు దిగదాయె, బుచ్చయ్య ఏం చేస్తడు పాపం! పోయి కిష్టయ్య కాళ్ల మీద పడ్డడు.

కిష్టయ్య రిటైరైన గిర్దావరు, భూముల లెక్కలు చూసే సర్కారు అధికారి. (గిర్దావర్లు రిటైరైతరు గని, రూళ్లు రాసే చెయ్యి రిటైరు గాదు.) ఆయన గడ్డం గోక్కొని, కండ్లు మూసుకొని, ఊరికి ఈ కింది ఖాయిదా ప్రసాదించిండు: "రాజకీయములు నిషిద్ధము. అయితే, చేతిల చాయ గ్లాసు ఉన్న మనిషి నోట్లకెళ్లి ఏ మాట బయటపడ్డా అది చాయ చేసిన పనిగా భావించవలెను. దానికి సదరు మనిషి బాధ్యుడు గాడు. గ్లాసు కింద పెట్టినంక మాట్లాడిన మాటకు ఎవలకు వారే బాధ్యులు."

ఇంతకంటె సక్కటి చట్టం ఈ దేశంల ఇంకోటి రాలేదు. ఆ రోజు నుంచి గోపారంల చేతిల గ్లాసుంటే మనిషి పులి. గ్లాసు ఖాళీ అయితే ఆ పులే బల్ల దిగి, తువ్వాల దులుపుకొని, మబ్బు పట్టిందా లేదా అని చూసుకుంట ఇంటికి పోతది. మాట్లాడేది శానా ఉన్నోల్లు గుటక గుటకకు నడుమ ఆగుడు నేర్చుకున్నరు.

ఈ విద్యల అందరికి పెద్ద గుర్వయ్య. ఆయనకు ఒక ఎడ్లబండి, ఎదురులేని నోరు. ఒక్క గ్లాసు చాయతోటి పొద్దెక్కేదాంక నడిపిస్తడు. మంత్రిగా ఎవలుండాలె, ఎవలను దించాలె, ఏ నేరానికి మున్సిఫు ఎన్ని నెలలు వెయ్యాలె, ఫుట్‌బాల్ ఆటల గోలుకాడ నిలబడేటోడు ఎటు దుంకాలె, అన్నిటి మీద ఆయనకు ఖరారైన అభిప్రాయాలున్నయి. (బంతిని ఆయన జన్మల ఒక్కసారే తన్నిండు. బొటనవేలు వారం దినాలు వాసింది. ఇగ అప్పటి నుంచి బంతి తయారుచేసుట్లనే తప్పున్నదని ఇంకో అభిప్రాయం.)

ఫుట్‌బాల్ ఈ ఊరికెట్లొచ్చిందంటరా? ముస్తాజరు తెచ్చిండు. కల్లు గుత్త, సర్కారు గంజాయి దుకాణం, రెండూ వేలం పాడుకున్న పెద్దమనిషి ఆయన. తండ్రి పేరు మీద ఒక కప్పు పెట్టిండు. కప్పు కోసం అబ్కారీ జట్టు వచ్చి ఊరి బయట దిగింది. దొంగసారా, దొంగ గంజాయి పట్టుమని ఆ జవాన్లకు సర్కారు నెలనెలా జీతమిస్తది. వాళ్లు బంతి తన్నుతరు. జీతం తీసుకొని ఆడే ఆట గనుక శానా నిష్ఠగా తన్నుతరు. గోలుకాడ నిలబడేటోని పేరు భిక్షపతి. నౌకర్ల చేరిన నాటి నుంచి ఒక్క కేసు పట్టలేదు. బంతి గూడ అంతంతమాత్రమే పట్టుతడని గుర్వయ్య అభిప్రాయం.

ఒకనాడు పొద్దుగూకె యాళ్లకు ఎవడో తన్నిన బంతి గోడ దాటి జానయ్య దొడ్లె పడ్డది. భిక్షపతి గోడెక్కి దుంకిండు. కొట్టం ఎనుక నడుమెత్తు రెండు మొక్కలు. ఆకు చూసిండు, గుర్తుపట్టిండు. (కచేరిల దాని బొమ్మ తగిలేసి ఉంటది.) బంతి సంగతి మరిచి మొక్కలను వాటేసుకున్నడు. ఆ సర్వీసుల ఆయన పట్టిన మొదటి పట్టు అదే. జానయ్య మీద కేసు రాసిండ్రు.

జానయ్య కూలి చేసుకొని బతికేటోడు. బీడీ గూడ తాగడు. మొక్కలెక్కడియి అంటే, ఆయన దొడ్డిగోడకు అవతల ముస్తాజరు గంజాయి దుకాణం. పొద్దున్నే దుకాణం ఊడ్చిన చెత్త, గింజలతో సహా, గోడ మీదికెళ్లి జానయ్య దొడ్లకు పారేస్తరు. ఏండ్ల సంది పారేస్తున్నరు. గింజ పడ్డది, వాన పడ్డది, మొక్క లేసింది. ఏదో పిచ్చి చెట్టు, లేగదూడకు జర నీడైతదని జానయ్య పీకలేదు. సర్కారు చట్టం స్పష్టంగా ఉన్నది: గోడకు అటుపక్క ఉంటే ఆదాయం, ఇటుపక్క ఉంటే నేరం. గోడ రెండిటికి ఒకటే.

తెల్లారి హోటల్ కిటకిటలాడింది. శిక్షల విషయంల గోపారం శానా లోతుగా ఆలోచిస్తది. తులం గంజాయి దొర దగ్గర దొరికితే మందు, కూలోని దగ్గర దొరికితే కేసు అని ఒకడన్నడు. గుర్వయ్య గ్లాసు ఎత్తి, ఒక గుటక మింగి, అందరు ఊకున్నంక అందుకున్నడు.

"జానయ్యను పట్టుడేందిర బై? ఊడ్చి పారపోసినోన్ని పట్టాలె. గింజ ఎవనిదైతే మొక్క వానిదే. గీ మాట నేను ఏడనన్న చెప్త!"

"శభాష్!" అన్నరు. ఇంకో విడత చాయ వచ్చింది.

ఆ మాట గుమ్మం కాడ నిలబడ్డ నర్సింగమ్మ చెవుల పడ్డది. జానయ్య పెండ్లాం. బర్రెపాలు పొద్దున్నే హోటల్‌కు పోసేది ఆమెనే. పాలచెంబు కింద పెట్టి లోపలికొచ్చింది.

"అన్నా, గీ ఒక్క మాట నల్లగొండ కోర్టుల చెప్పరాదె. చెత్త ఎవలు పోస్తరో ఒక్క మనిషి చెప్తే ఇడిచిపెడ్తరని వకీలన్నడు. ఆయన లోపలికి పోతే నేనూ పిల్లలూ ఆగమైతమే."

"గదెంత మాట చెల్లె!" అన్నడు గుర్వయ్య. గ్లాసుల ఇంకా సగం చాయ ఉన్నది. "నువ్వు ఫికర్ జెయ్యకు. జానయ్య నాకు పరాయోడా? ఒక్క కంచంల తిన్నోల్లం."

నిజమే. పోయిన యేడు ఎద్దు సచ్చిపోయి గుర్వయ్య బండి మూలకు పడ్డప్పుడు, తన ఎద్దును తోలుకొచ్చి కాడికి కట్టినోడు జానయ్యనే. గుర్వయ్యకు అది యాదికున్నది. నర్సింగమ్మ పోయినంక గూడ కొద్దిసేపు యాదికున్నది.

వారం తిరగలేదు, ముస్తాజరు పంచాయతీ సమితి ప్రెసిడెంటుకు నిలబడుతున్నడని తెలిసింది. కిష్టయ్య గడ్డం గోక్కొని తీర్పు చెప్పిండు: "నిన్నటిదాంక అది చెత్త. నేటి నుంచి రాజకీయము. గ్లాసు లేకుండ దాని మాట ఎత్తరాదు." చెత్తకు ఇంత పెద్ద హోదా వచ్చినందుకు ఊరు ఆశ్చర్యపోయింది గని, ఎదురు చెప్పలేదు.

ముస్తాజరు మంచి మనిషి. గుర్వయ్యను బెదిరించలేదు, పల్లెత్తు మాట అనలేదు. గుర్వయ్య బండి మోసేది ఆయన కల్లు కుండలనే, ఆ సంగతి గూడ ఎత్తలేదు. ఒక్క కబురు పంపిండు, గంతే. "కప్పు ఆట నాడు గుర్వయ్యకు నా పక్కపొంటి కుర్చీ ఏపిస్తున్న. తప్పక రావాలె." గుర్వయ్య పుట్టి బుద్ధెరిగిన సంది పెద్దమనుషుల నడుమ కుర్చీల కూసోలేదు. కుర్చీ రుచి మరిగినోనికి బోనుల నిలబడుడు కష్టం. కోర్టు పొద్దుగాల, ఆట పొద్దుమీకి, రెండూ ఒక్కనాడే వచ్చినయి.

కోర్టుల బోనెక్కిండు. ఎదురుంగ జానయ్య చేతులు కట్టుకొని నిలబడి, గుర్వయ్యను చూసి నవ్విండు. బావొచ్చిండు, ఇగ భయం లేదన్నట్టు నవ్విండు. ఎనుక బల్ల మీద ముస్తాజరు గుమాస్తా కూసొని, తమలపాకుకు సున్నం రాస్తున్నడు.

"జానయ్య దొడ్లె చెత్త ఎవరు పోస్తరు?" మున్సిఫు అడిగిండు.

గుర్వయ్య కుడిచెయ్యి దానంతటదే ముడుచుకొని, గ్లాసు పట్టినట్టు ఛాతీ దాక లేచింది. దాంట్ల గ్లాసు లేదు.

"సర్కార్... గాలికి శానా చెత్త కొట్టుకొస్తది."

"గాలి ఎటుదిక్కు నుంచి వస్తది?"

గుమాస్తా తమలపాకు మడిచి నోట్ల పెట్టుకున్నడు.

"గాలి మీద నాకు అభిప్రాయం లేదు, సర్కార్."

గోపారపోడు అభిప్రాయం లేదని చెప్పుడు అదే మొదలు. మున్సిఫుకు ఆ సంగతి తెల్వదు గనుక ఆశ్చర్యపోలేదు. ఆరు నెలలు వేసిండు. జానయ్య నవ్వు మొఖం మీదనే ఉండిపోయింది, దాన్ని తీసుకునే యాళ్ల గూడ ఇయ్యకుండ తోల్కపోయిండ్రు. నర్సింగమ్మ గుర్వయ్య చేతి దిక్కే చూసుకుంట నిలబడ్డది.

పొద్దుమీకి ఆట. గుర్వయ్య కుర్చీల కూసున్నడు. కుర్చీ మెత్తగ లేదు. ఆట అయిపోవస్తుంటే బంతి ఒకటి మెల్లగ, ముసలమ్మ నడక నడుచుకుంట గోలు దిక్కు వచ్చింది. భిక్షపతి దాన్ని చూసిండు. చూసుకుంటనే నిలబడ్డడు. బంతి ఆయన పక్కకెళ్లి లోపలికి పోయింది. అబ్కారీ జట్టు ఓడింది, కప్పు వేరేటోల్లు ఎత్తుకపోయిండ్రు.

తెల్లారి బుచ్చయ్య మూడు కెటిళ్ల చాయ కాసిండు. ఆరు నెలలు అన్యాయమని మొదటి బల్ల అన్నది, ఘోరమని రెండో బల్ల అన్నది, ఈ దేశం బాగుపడదని మూడో బల్ల తీర్మానించింది. అందరి చేతులల్ల గ్లాసులున్నయి. గుర్వయ్య ఒక్కడే మూలకు ఒట్టి చేతులతో కూసున్నడు.

నర్సింగమ్మ పాలు తెచ్చింది. (బర్రెకు తీర్పు సంగతి తెల్వదు.) హోటల్ సల్లబడ్డది. బుచ్చయ్య పాలు కొలుసుకొని, ఏం చెయ్యాల్నో తోచక, ఎన్నడు లేంది ఆమెకు ఒక గ్లాసు చాయ పోసి ఇచ్చిండు. ఆమె తాగలేదు. మూలదాంక నడిచి, ఆ గ్లాసు గుర్వయ్య చేతుల పెట్టింది.

"అన్నా, నిన్న కోర్టుల నీ చేతిల గిదే లేకపాయె," అన్నది. "ఇంటి నుంచి నేనన్న తేవాల్సింది. నాకు యాది లేకపాయె."

కిష్టయ్యకు ఖాయిదా ముఖ్యం. "గ్లాసు చేతిల ఉన్నది గుర్వయ్యా. మాట్లాడొచ్చు," అని యాది చేసిండు.

గుర్వయ్య అందరి దిక్కు చూసిండు. గోడ మీది బోర్డు చూసిండు. నర్సింగమ్మ దిక్కు తప్ప అన్ని దిక్కుల చూసిండు. ఒక గుటక తాగి గొంతు సవరించుకున్నడు.

"గా భిక్షపతిని ఏమనాలె చెప్పుండ్రి! బంతి కండ్ల ముందట్నే పోతాంటె, చేతులుండి గూడ చాపలే. గుడ్లప్పగించి నిలబడ్డడు. గసొంటోనికి ఆరు నెలలన్న ఎయ్యాలె!"

నర్సింగమ్మ పాలచెంబు తీసుకొని బయటికి పోయింది. గోపారం చరిత్రల మొదటిసారి ఒక అభిప్రాయం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.